వసంతపు ఆటకు విలువెంత?
పాయింట్లు లేని పోటీలే అమెరికా కళాశాల ఫుట్‌బాల్ కుర్రాళ్లకు అసలు పరీక్ష

గెలిస్తే పాయింట్లు రావు. ఓడితే పట్టికలో స్థానం దిగజారదు. కొట్టిన గోల్ అధికారిక లెక్కల్లోకి ఎక్కదు. అయినా ఏటా చలి తగ్గి మంచు కరగడం మొదలయ్యేసరికి అమెరికా విశ్వవిద్యాలయాల్లో పురుషుల ఫుట్‌బాల్ జట్లు మళ్లీ మైదానంలోకి దిగుతాయి. అక్కడివారు సాకర్ అని పిలిచే ఈ ఆటలో వసంతకాలపు ప్రదర్శన మ్యాచ్‌లది విచిత్రమైన స్థానం. ప్రేక్షకులకు అవి కాలక్షేపం. శిక్షకులకు ప్రయోగశాల. ఆటగాళ్లకు మాత్రం జీవన్మరణ సమస్య. శరత్కాలంలో జట్టులో ఎవరుంటారు, ఎవరు వేరే కళాశాల వెతుక్కోవాలి, ఎవరికి వృత్తి క్రీడాజీవితం దక్కుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఈ రెండు నెలల్లోనే తేలిపోతాయి. గత కొన్నేళ్లలో వచ్చిన నిబంధనల మార్పులతో ఈ మ్యాచ్‌ల ప్రాధాన్యం మరింత పెరిగింది. అసలు ఈ ప్రదర్శన పోటీల పద్ధతే కొనసాగాలా అన్న చర్చా ఊపందుకుంది.

నాలుగు నెలల్లోనే అంతా

అమెరికా కళాశాల క్రీడలను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ. దీని మొదటి శ్రేణిలో పురుషుల ఫుట్‌బాల్ ఆడే విద్యాసంస్థలు 200కు పైగా ఉన్నాయి. సంప్రదాయంగా వాటి అసలు సీజన్ ఆగస్టు చివర మొదలై డిసెంబరులో ముగుస్తుంది. లీగ్ మ్యాచ్‌లు, ప్రాంతీయ కూటముల టోర్నీలు, 48 జట్లు తలపడే జాతీయ టోర్నీ అన్నీ ఈ వ్యవధిలోనే ఇమడాలి. వారానికి రెండు మ్యాచ్‌లు ఆడటం సర్వసాధారణం. శుక్రవారం ఆడిన కుర్రాడు కండరాల నొప్పి తగ్గకముందే తిరిగి మంగళవారం బరిలోకి దిగాలి. మధ్యలో బస్సు ప్రయాణాలు, తరగతులు, పరీక్షలు ఉండనే ఉంటాయి.

ఆ తరువాత వచ్చే వసంతంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. సంప్రదాయ నిబంధనల ప్రకారం శరత్కాలంలో 20 వరకు పోటీ దినాలు అనుమతిస్తే, వసంతంలో గరిష్ఠంగా ఐదింటికే అనుమతి. అవి కూడా ఫలితంతో నిమిత్తం లేని ప్రదర్శన మ్యాచ్‌లే. సాధనపైనా ఆంక్షలున్నాయి. సీజన్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు, సీజన్ లేనప్పుడు ఎనిమిది గంటలకు మించి శిక్షణ ఇవ్వరాదు. చదువు దెబ్బతినకూడదన్నది ఈ ఆంక్షల ఉద్దేశం. ఐరోపాలో ఇదే వయసు కుర్రాళ్లు ఏడాదిలో తొమ్మిది, పది నెలలు పోటీ మ్యాచ్‌లు ఆడుతుంటే అమెరికా కళాశాల ఆటగాడికి దక్కేది నాలుగు నెలల హడావుడి, ఆపై ఐదు రోజుల ప్రదర్శన. 18 నుంచి 22 ఏళ్ల మధ్య వయసు ఫుట్‌బాల్ ఆటగాడి ఎదుగుదలకు కీలకం. ఆ నాలుగేళ్లలో సగానికి పైగా కాలం అసలైన పోటీ లేకుండానే గడిచిపోతోందన్నది విమర్శకుల ప్రధాన ఆరోపణ.

ఐదు రోజుల్లో ఏం చూస్తారు?

వసంతపు జట్టు శరత్కాలపు జట్టుకు నకలు కాదు. అర్హత కాలం ముగిసిన చివరి ఏడాది విద్యార్థులు తరగతుల్లో ఉన్నా జట్టులో ఉండరు. వారి ఖాళీలు అలాగే కనిపిస్తుంటాయి. జనవరిలో కొత్తగా చేరినవారు, ఇతర కళాశాలల నుంచి బదిలీపై వచ్చినవారు అప్పుడప్పుడే తోటివారి పేర్లు నేర్చుకుంటుంటారు. వేసవి తరువాత చేరాల్సిన తొలి ఏడాది విద్యార్థులు ఇంకా పాఠశాలల్లోనే ఉంటారు. శస్త్రచికిత్స చేయించుకుని కోలుకుంటున్నవారు పక్కన కూర్చుని చూస్తుంటారు. అంటే శిక్షకుడి చేతిలో ఉన్నది సగం జట్టే.

సరిగ్గా ఇదే వసంతానికి విలువ తెచ్చిపెడుతోంది. ఫలితం భయం లేదు కాబట్టి శిక్షకుడు కొత్త వ్యూహాలు పరీక్షించవచ్చు. మధ్యవరుస ఆటగాడిని రక్షణ శ్రేణిలో దించి చూడవచ్చు. రెండో గోల్‌కీపర్‌కు పూర్తి 90 నిమిషాలు అప్పగించవచ్చు. శరత్కాలంలో ఒక్క పాయింటు కోసం ప్రాకులాడే శిక్షకుడు ఇటువంటి సాహసాలకు ఒడిగట్టడు. పొరుగు కళాశాలలతో పాటు వృత్తి క్లబ్బుల రెండో శ్రేణి జట్లతోనూ వసంతంలో మ్యాచ్‌లు ఏర్పాటు చేసుకునే జట్లున్నాయి. వృత్తి ఆటగాళ్ల వేగం ఎదుట కళాశాల కుర్రాడు ఎంతసేపు నిలబడగలడో అక్కడే తెలిసిపోతుంది.

అందువల్ల వసంతపు స్కోరును చూసి జట్టు బలాబలాలను అంచనా వేయడం పొరపాటు. మూడు విరామాల్లో ముప్పై మందిని మార్చి ఆడిన మ్యాచ్‌లో 4-0 గెలుపునకు ఏపాటి అర్థం ఉంటుంది? చూడాల్సింది వేరే. మొదటి పదకొండు మందిలో ఎవరు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నారు? కొత్తగా వచ్చినవాడిని ఏ స్థానంలో ఆడిస్తున్నారు? వెళ్లిపోయిన ఆటగాడి ఖాళీని శిక్షకుడు లోపలివారితో పూడుస్తున్నాడా, బయటివారి కోసం ఎదురుచూస్తున్నాడా? జట్టు భవితవ్యాన్ని పట్టిచ్చే ఆనవాళ్లు ఇవే.

విజేతకూ తప్పని అగ్నిపరీక్ష

వెర్మాంట్ విశ్వవిద్యాలయం ఉదంతం ఇందుకు తార్కాణం. కెనడా సరిహద్దున, మంచు దుప్పటి కప్పుకొని ఉండే బర్లింగ్టన్ పట్టణంలోని ఈ విద్యాసంస్థ జట్టు 2024 జాతీయ టోర్నీలోకి సీడింగ్ లేకుండా అడుగుపెట్టింది. క్వార్టర్ ఫైనల్లో పిట్స్‌బర్గ్‌ను, సెమీఫైనల్లో పెనాల్టీ కిక్‌లలో డెన్వర్‌ను ఓడించింది. డిసెంబరు 16న ఉత్తర కరోలినాలోని కేరీలో జరిగిన తుదిపోరులో మార్షల్ జట్టు ముందుగా గోల్ చేసింది. ఆట మరో పది నిమిషాల్లో ముగుస్తుందనగా మార్సెల్ పాప్ స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో మాక్సిమిలియన్ కిసెల్ రెండో గోల్ చేయడంతో వెర్మాంట్ 2-1తో టైటిల్ ఎగరేసుకుపోయింది. స్కీయింగ్ మినహా మరే క్రీడలోనూ ఆ విశ్వవిద్యాలయానికి అప్పటివరకు జాతీయ టైటిల్ లేదు.

సంబరాల సందడి సద్దుమణగకముందే అసలు కష్టం మొదలైంది. ఆ జట్టును 2017 నుంచి తీర్చిదిద్దిన ప్రధాన శిక్షకుడు రాబ్ డౌ కొద్ది వారాలకే పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి తరలిపోయాడు. ఆయన వద్ద పనిచేసిన ఏడ్రియన్ డుబోయిస్ పగ్గాలు చేపట్టాడు. చిన్న కూటమికి చెందిన జట్టు పెద్ద విజయం సాధిస్తే దాని శిక్షకుడిపైనా, ఆటగాళ్లపైనా ధనిక కూటముల కళాశాలలు కన్నేయడం అమెరికాలో ఆనవాయితీగా మారింది. గెలుపే కొత్త చిక్కులు తెచ్చిపెడుతుందన్నమాట.

అలా 2025 వసంతం వెర్మాంట్‌కు విజయోత్సవ యాత్ర కాలేదు. కొత్త శిక్షకుడు తన మాట ఎవరు వింటారో, పాత విజయపు మత్తులో ఎవరున్నారో తెలుసుకోవాల్సిన సమయమైంది. ఛాంపియన్‌గా బరిలోకి దిగితే ప్రతి ప్రత్యర్థీ రెట్టింపు పట్టుదలతో ఆడతాడు. సీడింగ్ లేని జట్టుగా ఎదురుదాడులపై ఆధారపడి గెలవడం ఒక ఎత్తు. అందరూ వెనక్కి తగ్గి గోడ కట్టుకున్నప్పుడు ఛేదించడం మరో ఎత్తు. ఈ రెండో విద్యను సాధన చేయడానికి పాయింట్ల బెడద లేని వసంతానికి మించిన అదను ఉండదు.

28 మందిలో చోటెవరికి?

ప్రదర్శన మ్యాచ్‌లను కుర్రాళ్ల పాలిట నిజమైన పరీక్షగా మార్చింది 2025 జూన్ 6న ఫెడరల్ న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం. హౌస్ ఒప్పందంగా పేరుపడిన దీని ప్రకారం కళాశాలలు తొలిసారిగా ఆటగాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా చెల్లించవచ్చు. 2025-26లో ఒక్కో సంస్థకు ఈ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. దీన్ని అనుసరించే సంస్థలకు ఉపకారవేతనాల సంఖ్యపై పాత పరిమితి తొలగిపోయింది. అంతకుముందు పురుషుల ఫుట్‌బాల్ జట్టు మొత్తానికి 9.9 పూర్తి ఉపకారవేతనాలు మాత్రమే ఉండేవి. వాటినే ముక్కలు చేసి పాతిక మందికి పంచేవారు. కొత్త విధానంలో ఆ పరిమితి స్థానే జట్టు పరిమాణంపై పరిమితి వచ్చింది. పురుషుల ఫుట్‌బాల్‌కు అది 28 మంది.

పైకి ఇది ఆటగాళ్లకు మేలు చేసేదిగానే కనిపిస్తుంది. ఉపకారవేతనాలు పెంచుకునే వీలు కలిగింది కదా! అయితే వీలు కలగడం వేరు, డబ్బు రావడం వేరు. ఆదాయంలో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుంది. టికెట్లపై రాబడి అంతంత మాత్రంగా ఉండే సాకర్‌కు మిగిలేదెంత అన్నది సందేహమే. మరోవైపు 30 మందికి పైగా ఆటగాళ్లను అట్టిపెట్టుకున్న జట్లు కోత పెట్టక తప్పదు. ఉపకారవేతనం లేకుండా, సొంత ఖర్చుతో చదువుకుంటూ ఎప్పటికైనా అవకాశం రాకపోతుందా అని ఎదురుచూసే కుర్రాళ్లపైనే ముందుగా వేటు పడుతుంది. ఒకప్పుడు అటువంటివాడికి వసంతం ఆశ. ఇప్పుడు అది తుది గడువు.

దీనికి బదిలీల జోరు తోడైంది. కళాశాల మారితే ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాలన్న నిబంధనను 2021లో సడలించారు. 2024 ఏప్రిల్‌లో, చదువులో తగిన ప్రగతి చూపితే ఎన్నిసార్లు మారినా ఆడే వీలు కల్పించారు. 2022లో ప్రవేశపెట్టిన గడువుల ప్రకారం శరత్కాల క్రీడలవారికి సీజన్ ముగిశాక ఒక అవకాశం, మే 1 నుంచి 15 వరకు మరో అవకాశం దక్కాయి. రెండో గడువు వసంతపు మ్యాచ్‌లు ముగిసే వేళకే రావడం గమనార్హం. ప్రదర్శన మ్యాచ్‌లలో బెంచీకే పరిమితమైనవాడు తన భవిష్యత్తు ఏమిటో చెప్పకనే తెలుసుకుంటాడు. బాగా ఆడినవాడికి పెద్ద కళాశాలల నుంచి పిలుపు రావచ్చు. శిక్షకుడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. ఆడించకపోతే కుర్రాడు వెళ్లిపోతాడు. ఆడిస్తే పక్కవాడి కంట్లో పడతాడు.

వృత్తి ఆటకు ఇరుకు దారి

కళాశాల నుంచి వృత్తి క్రీడలోకి వెళ్లే రాజమార్గంగా ఒకప్పుడు మేజర్ లీగ్ సాకర్ డ్రాఫ్ట్‌ను చెప్పుకొనేవారు. క్లబ్బులు వంతులవారీగా కళాశాల ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ ఇది. 2004లో ఫర్మన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన క్లింట్ డెంప్సీ ఈ దారినే జాతీయ జట్టు నాయకత్వం వరకు ఎదిగాడు. ఇప్పుడు క్లబ్బులు సొంత అకాడమీల్లో పెంచిన కుర్రాళ్లతో పదహారు, పదిహేడేళ్లకే ఒప్పందాలు చేసుకుంటున్నాయి. ఫలితంగా డ్రాఫ్ట్ ప్రాభవం తగ్గింది. అందులో ఎంపికైనవారికీ ఒప్పందం దక్కుతుందన్న హామీ లేదు.

దారి ఇరుకైనా పూర్తిగా మూసుకుపోలేదనడానికి నిదర్శనాలున్నాయి. పాట్రిక్ అజెమాంగ్ మూడో శ్రేణి కళాశాలలో ఆట మొదలుపెట్టి రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయానికి మారాడు. 2023 డ్రాఫ్ట్‌లో 12వ ఆటగాడిగా షార్లట్ క్లబ్ ఎంచుకుంది. 2025 జనవరిలో అమెరికా జాతీయ జట్టు తరఫున వెనిజులాపై తొలి మ్యాచ్‌లోనే గోల్ చేశాడు. అదే ఏడాది ఇంగ్లాండ్‌లోని డెర్బీ కౌంటీకి వెళ్లాడు. గోల్‌కీపర్ మాట్ టర్నర్‌ది మరీ ఆశ్చర్యకరమైన కథ. ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో చదివిన అతడిని 2016లో ఏ క్లబ్బూ డ్రాఫ్ట్‌లో ఎంచుకోలేదు. న్యూ ఇంగ్లాండ్ క్లబ్‌లో తనను తాను నిరూపించుకుని 2022లో ఆర్సెనల్‌లో చేరాడు. అదే ఏడాది ప్రపంచ కప్‌లో అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌లలోనూ గోల్ కాపలా అతడిదే.

ఇద్దరి విషయంలోనూ ఒక పోలిక ఉంది. పద్దెనిమిదో ఏట వారెవరో ఎవరికీ తెలియదు. ఆలస్యంగా వికసించే ఇటువంటి ఆటగాళ్లకు కళాశాల వ్యవస్థే ఆసరా. వసంతపు సాధన, ఆపై మే నుంచి జులై వరకు సాగే యూఎస్ఎల్ లీగ్ టూ వంటి వేసవి పోటీలు వారికి మెట్లు. బర్లింగ్టన్ పట్టణంలోనే ఉన్న వెర్మాంట్ గ్రీన్ క్లబ్ 2025లో ఆ వేసవి లీగ్ టైటిల్ గెలుచుకుంది. కళాశాల ఆట, వేసవి క్లబ్ ఆట ఒకే ఊళ్లో ఒకదానికొకటి ఊతమిస్తే ఫలితం ఎలా ఉంటుందో బర్లింగ్టన్ చూపించింది.

వసంతమే అసలు రుతువైన ఏడాది

వసంతంలో అసలైన పోటీలు జరిపితే ఏమవుతుందన్న ప్రశ్నకు కొవిడ్ మహమ్మారి అనుకోకుండా జవాబు చెప్పింది. 2020 శరత్కాలంలో జరగాల్సిన జాతీయ టోర్నీని 2021 వసంతానికి వాయిదా వేశారు. అంతకుముందు ఎన్నడూ టైటిల్ ఎరుగని మార్షల్ జట్టు ఆ టోర్నీలో డిఫెండింగ్ ఛాంపియన్ జార్జ్‌టౌన్‌ను, ఆపై నార్త్ కరోలినాను ఇంటిదారి పట్టించింది. మే 17న కేరీలో జరిగిన తుదిపోరులో ఎనిమిదిసార్లు విజేత అయిన ఇండియానాను అదనపు సమయంలో జమీల్ రాబర్ట్స్ చేసిన గోల్‌తో 1-0తో ఓడించింది. వెచ్చని మే నెల సాయంత్రం జరిగిన ఆ పోరు, డిసెంబరు చలిలో వణుకుతూ చూసే ఫైనల్‌కు ప్రత్యామ్నాయం ఉందని నిరూపించింది.

మార్పు ముంగిట

నిజానికి ఈ ఆలోచన మహమ్మారికి ముందే ఉంది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ శిక్షకుడు సాషో సిరోవ్‌స్కీ వంటివారు రెండు సెమిస్టర్లకూ సీజన్‌ను విస్తరించాలని ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చారు. మ్యాచ్‌ల సంఖ్య పెంచనక్కరలేదు, వాటినే శరత్కాలం, వసంతం మధ్య పంచితే చాలన్నది వారి ప్రతిపాదన సారాంశం. వారానికి ఒకే మ్యాచ్ ఉంటే గాయాలు తగ్గుతాయి, తరగతులు పోవు, కోలుకునే వ్యవధి దొరుకుతుంది. 2020లో ఓటింగుకు రావాల్సిన ఈ ప్రతిపాదన మహమ్మారి వల్ల వాయిదా పడింది. 2025 అక్టోబరులో అమెరికా సాకర్ సమాఖ్య నియమించిన సంఘం పురుషుల సీజన్‌ను విద్యా సంవత్సరం పొడవునా నిర్వహించాలని సిఫార్సు చేయడంతో దీనికి మళ్లీ ప్రాణం వచ్చింది.

అదే ఏడాది నవంబరులో మేజర్ లీగ్ సాకర్ సైతం తన క్యాలెండర్‌ను మార్చుతున్నట్లు ప్రకటించింది. 2027 వేసవి నుంచి ఐరోపా తరహాలో వేసవిలో మొదలై మరుసటి వసంతంలో ముగిసే సీజన్ అమలు కావాలన్నది నిర్ణయం. కళాశాల ఆట కూడా ఏడాది పొడవునా సాగితే రెండూ ఒకే తాళంలో నడుస్తాయి. మేలో డిగ్రీ, సీజన్ పూర్తిచేసుకున్న ఆటగాడు జులైలో క్లబ్‌లో చేరవచ్చు. డిసెంబరులో చదువు మధ్యలో వదిలి వెళ్లే అగత్యం తప్పుతుంది.

అభ్యంతరాలూ లేకపోలేదు. వెర్మాంట్ వంటి ఉత్తరాది కళాశాలల్లో మార్చి వరకు మైదానాలు మంచు కింద ఉంటాయి. వసంతంలో అదే మైదానాన్ని లాక్రోస్ వంటి ఇతర క్రీడలతో పంచుకోవాల్సి వస్తుంది. శిక్షణ సిబ్బంది, వైద్యులు, బస్సులు, బస ఖర్చులు ఏడాది పొడవునా భరించాలి. ఉన్న జట్లనే మూసేయాలా అని తర్జనభర్జన పడుతున్న సంస్థలకు అదనపు భారం సాకుగా మారే ప్రమాదం ఉంది. వసంతం పాయింట్ల పోటీగా మారితే శిక్షకులు ప్రయోగాలు మానేస్తారు. అప్పుడు పన్నెండో స్థానం నుంచి ఇరవై ఎనిమిదో స్థానం వరకు ఉన్న కుర్రాళ్లకు ఆడే వీలు ఎక్కడ? సంస్కరణవాదులు దీనికి ఇంకా దీటైన సమాధానం చెప్పాల్సే ఉంది.

తెలుగు కుటుంబాలు గమనించాల్సింది

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అనేకులు పాఠశాల స్థాయిలో సాకర్ ఆడుతున్నారు. కళాశాల ప్రవేశంలో క్రీడ అక్కరకొస్తుందన్న ఆశతో క్లబ్బులకు వేల డాలర్లు ధారపోసే తల్లిదండ్రులున్నారు. వారు తెలుసుకోవాల్సిన వాస్తవాలు రెండు. జట్టు పరిమాణం కుదించుకుపోతున్న వేళ శిక్షకులు పాఠశాల విద్యార్థి కన్నా రెండేళ్లు కళాశాల ఆట ఆడిన బదిలీ ఆటగాడినో, విదేశాల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల యువకుడినో ఎంచుకునేందుకు మొగ్గు చూపుతున్నారు. 2024 తుదిపోరులో వెర్మాంట్ తరఫున గోల్స్ చేసిన ఇద్దరూ విదేశీయులు కావడం ఇందుకు ఉదాహరణ. ఇక విదేశీ విద్యార్థులకు మనవారికి సుపరిచితమైన ఎఫ్-1 వీసా చిక్కులు ఉండనే ఉన్నాయి. ఆ వీసాపై ఉపాధికి ఉన్న ఆంక్షల కారణంగా తోటి అమెరికా ఆటగాళ్లు పేరు, ప్రతిష్ఠల ద్వారా ఆర్జించినంత సులువుగా వారు ఆర్జించలేరు.

ఒక కళాశాల తమ పిల్లవాడికి తగినదా అని తెలుసుకోవాలంటే ఆ జట్టు శరత్కాలపు విజయాల పట్టిక ఒక్కటే చూస్తే చాలదు. వసంతంలో ఎవరిని ఆడించారు, వారిలో ఎందరు సెప్టెంబరు నాటికి జట్టులో మిగిలారు అన్నది అడిగి తెలుసుకోవాలి. తొలి ఏడాది కుర్రాళ్లపై శిక్షకుడికి ఉన్న ఓపిక ఏపాటిదో ఆ జవాబులో బయటపడుతుంది.

క్యాలెండర్ మారినా, మారకున్నా ఒకటి స్పష్టం. స్కోరుబోర్డు చెప్పని సంగతులను పట్టుకోగలిగిన శిక్షకుడికే ప్రదర్శన మ్యాచ్‌లు ఉపకరిస్తాయి. ఆటగాళ్లను కోసి పారేసే జల్లెడగా వాటిని వాడుకునే సంస్థలు ఒక సీజన్ నెగ్గవచ్చు. ఆలస్యంగా వికసించేవారికి అవకాశం ఇచ్చే నేలగా మలచుకునేవి మరో అజెమాంగ్‌ను, మరో టర్నర్‌ను అందించగలవు. ఐదు రోజులను పదిహేను చేయాలా, పాయింట్లు కలపాలా అన్న చర్చలో ఈ కుర్రాళ్ల ప్రయోజనమే గీటురాయి కావాలి.